నెల్లూరులో ట్రంపెట్ బాగుచేయించాలంటే ఇక్కడికే వెళ్ళండి

ట్రంకురోడ్డు మీంచి లోపలికి పోయే ఒక సందులో, పెళ్ళి బ్యాండు వాళ్ళ వాయిద్యాలు బాగుచేసే చిన్న షాపు ఇది. బోర్డు లేదు, బయట వేలాడే సొట్టల యుఫోనియమే (పెద్ద ఇత్తడి బాకా లాంటిది) గుర్తు.

నా ట్రంపెట్‌లో రెండో పిస్టన్ (స్వరం మార్చడానికి వేలితో నొక్కే మీట) నొక్కితే దిగుతోంది గానీ వెంటనే పైకి లేవడం లేదు. పెళ్ళి పాటలకి ఎలాగో నెట్టుకొచ్చాను, మా రాక్ గ్రూపులో మాత్రం కుదరలేదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద చేసిన పోరాటం మీద మేం ఒక పాట కట్టాం. అందులో పల్లవికి ముందు ట్రంపెట్, ట్రాంబోన్, సాక్సోఫోన్ కలిసి మూడుసార్లు దెబ్బ కొట్టినట్టు ఊదాలి, నేను రవ్వంత వెనకబడినా మొత్తం తేలిపోతుంది.

ఆ ఆలోచన మిడ్‌నైట్ ఆయిల్ నుంచి వచ్చింది. ఆదివాసుల భూమి ఆదివాసులకి తిరిగిచ్చేయమంటూ ఈ ఆస్ట్రేలియా బ్యాండు 1987లో చేసిన ‘బెడ్స్ ఆర్ బర్నింగ్’లో, గొంతు వినపడకముందే మూడు బ్రాస్ (ఇత్తడి వాయిద్యాల) దెబ్బలు పడతాయి, ఎవరో వచ్చి తలుపు బాదినట్టు. ఇలాగే బ్రాస్ వాయిద్యాలు వాడే అమెరికా రాక్ బ్యాండు షికాగో అయితే 1969 నాటి మొదటి ఆల్బంలో, అంతకు ముందు ఏడాది తమ ఊళ్ళో నిరసనకారులు ఇచ్చిన నినాదాల రికార్డింగునే పెట్టి అక్కణ్ణించి పాటలోకి దిగింది. గిటార్ ఎంత అరిచినా నాకు ఒక్క మనిషి కోపమే వినిపిస్తుంది, ముగ్గురు ఒకే ఊపిరిగా ఊదితే వెనకాల జనం ఉన్నట్టుంటుంది.

సరే, షాపు సంగతి. పెద్దాయన పిస్టన్ బయటికి తీసి లైటు కింద తిప్పి చూపించారు, ఒక పక్కన పసుపుపచ్చగా జిగురు కట్టింది. “కొబ్బరినూనె పోశావా అబ్బయా?” అన్నారు. నిజమే, పోశాను, మీరెవరూ ఆ పని చేయకండి, పిస్టన్లకి వేసే వాల్వ్ ఆయిలే వాడండి. అంతకు ముందు వేరే ఊళ్ళో చూపిస్తే ఎమ్రీ పేపరుతో రుద్దబోయారు, అలా చేస్తే పిస్టన్ వదులైపోయి గాలి లీకవుతుందట. ఈయన కడిగి, బయటి గొట్టానికి పడ్డ చిన్న సొట్ట తీసి, ఉమ్మి వదిలే చోట కార్కు కూడా మార్చి 600 తీసుకున్నారు.

ఒక్కటే ఇబ్బంది. రెండు రోజులని చెప్పి ఆరు రోజులు చేశారు, ఫోనూ ఎత్తలేదు, మాకు ఒక ప్రాక్టీసు పోయింది. ముహూర్తాల రోజుల్లో అయితే అస్సలు ఇవ్వకండి, ఎంత లేటవుతుందో చెప్పలేం.

మొన్న ఆదివారం ప్రాక్టీసులో మూడు దెబ్బలూ కలిసి పడ్డాయి. ఈ వారం ట్రాంబోన్ కూడా ఆయనకే ఇస్తున్నాం, ముందుకీ వెనక్కీ జరిపే స్లయిడు పట్టేస్తోంది.