సలౌలో ఆరు రాత్రులు: పిల్లలతో, అమ్మతో

మ్యూనిక్‌లో జూన్‌లో బళ్లకు రెండు వారాలు సెలవులిస్తారు. అప్పటికే అమ్మ కోనసీమ నుంచి మా దగ్గరికి వచ్చి ఉంది. తనది షెంగెన్ వీసా కాబట్టి స్పెయిన్‌కి మళ్లీ వీసా తీసుకునే పని లేదు. పెద్దాడికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఐదు. వాళ్లకి కావలసింది సముద్రం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు, గుడ్డు కూడా తినదు. ఇవన్నీ లెక్కేసుకుని బార్సిలోనాకి దక్షిణంగా, కోస్తా దౌరాదా తీరంలో ఉన్న సలౌ అనే ఊరిని ఎంచుకున్నాం. పెద్దవాళ్లనీ చిన్నపిల్లల్నీ కలిపి తీసుకెళ్లే మనవాళ్లకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

బార్సిలోనా ఎయిర్‌పోర్ట్ నుంచి సలౌకి నేరుగా బస్సుంది. గంటన్నరలో దింపేసింది. పిల్లలు, సామాన్లు, అమ్మ ఉండగా రైళ్లు మారే కంటే ఇదే సుఖం.

బస విషయంలో హోటలా, అపార్ట్‌మెంటా అని ఇంట్లో చాలా చర్చే జరిగింది. అమ్మ తిండి కోసం వంటగది ఉన్న అపార్ట్‌మెంటే తీసుకున్నాం. ఆ నిర్ణయం సరైనదే, ఇల్లే సరైనది కాదు. మూడో అంతస్తు, లిఫ్ట్ ఉంది అని రాశారు. వెళ్లేసరికి లిఫ్ట్ పనిచేయడం లేదు. ఓనరుకి మెసేజ్ పెడితే మర్నాడు సాయంత్రానికి గానీ జవాబు రాలేదు. రెండు రోజులు అమ్మ మెట్టుమెట్టుకీ ఆగి, రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇంకో ఆలోచన పెట్టుకోకుండా గ్రౌండ్ ఫ్లోర్ అడగండి. సముద్రం కనపడకపోయినా పర్వాలేదు. సలౌ ఉన్న కటలూన్యా ప్రాంతంలో రాత్రికింతని టూరిస్ట్ ట్యాక్స్ కూడా ఉంటుంది. పదహారేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకి అది పడదు. బుకింగ్ ధరలో కలపలేదంటే అక్కడికి వెళ్లాక కట్టాలి.

వంటగది మాత్రం మమ్మల్ని కాపాడింది. అక్కడ హోటళ్లలో కూరగాయల వంటకం అంటే అందులో ట్యూనా చేపో, పంది మాంసం ముక్కలో ఉండవని నమ్మకం లేదు. 'మాంసం లేదు' అంటే సరిపోదు, చేప లేదా, గుడ్డు లేదా అని విడివిడిగా అడగాలి. రాత్రి భోజనం ఎనిమిదిన్నర దాటితే గానీ చాలా చోట్ల మొదలవదు. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి వాళ్లకది మామూలే, మా చిన్నది మాత్రం ఎనిమిదింటికే నిద్రకి తూలిపోయేది. సూపర్‌మార్కెట్‌లో దొరికే చప్పని పెరుగు చాలా బాగుంది. అమ్మ రోజూ నాలుగు కప్పులు అన్నంలో కలిపి డబ్బాకెత్తేది. ఎక్కడికి వెళ్లినా ఆ డబ్బా మాతోనే. బ్రెడ్ మీద పండిన టమాటా రుద్ది, ఆలివ్ నూనె పోసి, ఉప్పు చల్లి ఇస్తారు చూడండి, దానికి పిల్లలిద్దరూ బాగా అలవాటుపడ్డారు. అమ్మ కూడా "పచ్చిమిరపకాయ ఒకటుంటే ఎంత బాగుండును" అంటూనే రెండు ముక్కలు తినేది.

ఒక రోజు తిరిగితే మర్నాడు సముద్రం దగ్గరే ఉండాలని ముందే అనుకున్నాం. ట్రిప్పు మొత్తంలో మేం చేసిన మంచి పని ఇదే. సలౌలో పెద్ద బీచ్ పేరు లెవాంత్. ఇసుక మెత్తగా, బంగారు రంగులో ఉంటుంది. నీళ్లు ఒక్కసారిగా లోతెక్కవు, చాలా దూరం పిల్లల నడుముల దాకానే. జూన్‌లో నీళ్లు కాస్త చల్లగానే ఉంటాయి, మొదటి ఐదు నిమిషాలు కేకలు తప్పవు. పచ్చజెండా ఉంటే దిగొచ్చు, పసుపైతే జాగ్రత్త, ఎరుపైతే దిగకూడదు. మావాడు రోజూ పొద్దున లేవగానే జెండా రంగు చూసొస్తానని బయల్దేరేవాడు. బీచ్ వెనకే పొడవాటి నడకదారి, ఖర్జూర జాతి చెట్ల నీడ, బెంచీలు. అమ్మకి అది చాలు. అదే దారిలో, ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన జైమే రాజు స్మారకం ఉంది. 1229లో ఆయన మయోర్కా దీవి మీదికి ఓడలతో దండెత్తింది ఈ తీరం నుంచేనట.

పోర్ట్ అవెంతురా అనే వినోదాల పార్కు గురించి అందరూ అడుగుతారు. 1995లో మొదలైంది, చాలా పెద్దది. మనసులో మాట చెప్పాలంటే, పదేళ్లు దాటి బాగా పొడుగెదిగిన పిల్లలున్న వాళ్లకి అది స్వర్గం. 76 మీటర్ల ఎత్తున్న శంభాలా రోలర్ కోస్టర్ ఎక్కాలంటే 1.40 మీటర్ల ఎత్తుండాలి. ఆ గీత దగ్గర నిలబడ్డాక మావాడి మొహం వాడిపోయింది. నెల రోజులుగా వీడియోలు చూసి కలలు కన్నాడు పాపం. కాబట్టి ఇంట్లోనే పిల్లల ఎత్తు కొలిచి, ఏవి ఎక్కనిస్తారో పార్కు వెబ్‌సైట్‌లో చూసి, వాళ్లకి ముందే చెప్పి తీసుకెళ్లండి. చిన్నపిల్లల కోసం 2011లో కట్టిన సెసమో అవెంతురా అనే భాగం ఉంది. చిన్నది అక్కణ్నుంచి కదల్లేదు. వాడి బాధ తీర్చింది అంకోర్ అనే పడవ సవారీ. పడవలో కూర్చుని నీళ్ల తుపాకులతో ఎదుటి పడవల వాళ్లని తడపడమే పని. మూడుసార్లు ఎక్కాం. అమ్మని ఆ రోజు తీసుకెళ్లకుండా ఉండాల్సింది. ఎండలో, లైన్లలో తనకి అలసట తప్ప ఏం మిగల్లేదు. టికెట్లు గేటు దగ్గర కాకుండా ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి.

బార్సిలోనా వెళ్లలేదు. ఐదేళ్ల పిల్లతో పొద్దున వెళ్లి రాత్రికి రావడం మావల్ల కాదనుకున్నాం. దాని బదులు రైల్లో దగ్గర్లోనే ఉన్న తర్రగోనాకి వెళ్లాం, పూట సరిపోయింది. రోమన్ల కాలంలో ఇది తర్రకో అనే పెద్ద పట్నం, 2000లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. సముద్రం ఒడ్డునే రెండో శతాబ్దపు అండాకారపు పోరాటశాల ఉంది. మెట్ల మీద కూర్చుంటే అవతల నీలంగా సముద్రం. అక్కణ్నుంచి పైకెక్కితే 'మధ్యధరా బాల్కనీ' అనే చోటు. అక్కడి ఇనుప కటకటాలని ముట్టుకుంటే అదృష్టమని ఊరివాళ్ల నమ్మకం. చిన్నది ఒక్కో ఊచనీ లెక్కపెడుతూ ముట్టుకుంటూ పోయింది. రాంబ్లా నోవా వీధిలో మనుషుల గోపురం కంచు విగ్రహం చూడకుండా రావద్దు. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి, చివర్న ఓ చిన్నపిల్ల పైకి పాకి చెయ్యెత్తుతుంది. ఈ ప్రాంతపు పండగల్లో నిజంగానే ఇలా కడతారు. అమ్మ విగ్రహాన్ని చూసీ చూడగానే "మన ఉట్టి కొట్టే కుర్రాళ్లే" అంది.

ఇక ఏబ్రో నది సముద్రంలో కలిసే చోటున్న ఏబ్రో డెల్టా. దీని గురించి రాయాలనే అసలు మొదలుపెట్టాను.

కారు ఒక్క రోజుకే తీసుకున్నాం. అక్కడ 135 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న పిల్లలకి కారులో పిల్లల సీటు తప్పనిసరి. మేం రెండు సీట్లు బుక్ చేస్తే కౌంటర్లో ఒకటే ఉందన్నారు. రెండోది తెప్పించేసరికి గంటన్నర పోయింది. ముందు రోజే ఫోన్ చేసి అడిగుంటే బాగుండేది. రోడ్డు మాత్రం హాయిగా ఉంది. ఏపీ-7 హైవే మీద ఆ భాగానికి 2020 నుంచి టోల్ లేదు. సుమారు గంట ప్రయాణం. కొండలు తగ్గి, నేల చదునై, ఉన్నట్టుండి రెండు వైపులా వరి.

అమ్మ కారాపమంది. దిగి కాలువ గట్టు మీద నిలబడింది. మడి నిండా నీళ్లు, జానెడు ఎత్తు పచ్చటి పైరు, మధ్యలో తెల్ల కొంగలు. కాసేపు చూసి, "నాట్లు కాదు, వెదజల్లారు. వరసలు లేవు చూడు" అంది. నిజమే, ఇప్పుడక్కడ విత్తనాలు చల్లే పండిస్తారు. పైన షెర్తా దగ్గర ఆనకట్ట, అక్కణ్నుంచి కుడి కాలువ, ఎడమ కాలువ. కుడి కాలువ 19వ శతాబ్దంలో వస్తే, ఎడమ కాలువ 1912లో వచ్చింది. ఇది చెప్పగానే అమ్మ "మరి ధవళేశ్వరమేగా" అని మావాడికి కాటన్ దొర కథ మొదలుపెట్టింది. పార్కులో రోజంతా నోరు మెదపని మనిషి, ఆ రోజు కారులో మాట్లాడుతూనే ఉంది. లాకులు ఎలా తెరుస్తారో, కాలువలు కట్టేసే రోజుల్లో చేపలు ఎలా పట్టేవాళ్లో, అన్నీ చెప్పింది. వాడు ఫోన్ అడగలేదు.

ఎన్కన్యిసాదా అనే పెద్ద మడుగు దగ్గర చెక్కతో కట్టిన మంచెలున్నాయి. ఎక్కి చూస్తే దూరంగా రాజహంసలు, నీళ్ల మీద గులాబీ రంగు గీతలా. పులికాట్‌లో చూద్దామని రెండుసార్లు అనుకుని వెళ్లలేకపోయాం, ఇక్కడ దొరికాయి. బైనాక్యులర్ తప్పక తీసుకెళ్లండి, ఒట్టి కళ్లకి చుక్కల్లా కనిపిస్తాయి.

మధ్యాహ్నం పొబ్లెనోలో భోజనం. వెడల్పాటి పెనంలో అన్నం తెచ్చి బల్ల మధ్యలో పెడతారు. ఇద్దరికి తక్కువ చేయరు. అడుగున అంటుకున్న మాడుకి వాళ్ల దగ్గర పేరే ఉంది, సొకరాత్ అంటారు. చెంచాతో గీకి మరీ తింటారు. మన ఇళ్లలో గిన్నె అడుగు కోసం పిల్లలు పోట్లాడుకున్నట్టే మావాళ్లు పోట్లాడుకున్నారు. అమ్మది పెరుగన్నం డబ్బానే. కూరగాయలతో చేసినదాన్ని కూడా చేప ఉడికించిన నీళ్లతో వండారని అడిగితే తెలిసింది. అడగకపోతే పెట్టేసేదాన్ని.

తర్వాత దెల్తెబ్రే నుంచి పడవలో నది సముద్రంలో కలిసే చోటికి వెళ్లాం. పిల్లలు కొంగలు లెక్కపెట్టారు. చివర్లో నది నీళ్లు, ఉప్పునీళ్లు కలిసే చోట నీటి రంగు మారడం కనిపించింది. అమ్మ లేచి నిలబడి, అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు ఇలాగే ఉంటుందని చిన్నదానికి చూపించింది. నేను ఎన్నోసార్లు అంతర్వేది వెళ్లాను గానీ ఆ గట్టు గురించి మా పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు. పార్కు టికెట్ల ఖర్చంత కూడా కాలేదు ఈ రోజుకి. ఒక్కటే ఇబ్బంది, దోమలు. పొద్దుగూకేలోపు బయటపడండి, లేకపోతే ఒళ్లంతా పూసుకునే మందు దగ్గరుంచుకోండి.

దారిలో ఓ కొట్టులో అమ్మ గుడ్డ సంచీలో కట్టిన కిలో బోంబా బియ్యం కొనుక్కుంది. మ్యూనిక్ వచ్చాక మన కొలతతో గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు పోసి వండితే పలుకుగా ఉండిపోయింది. ఆ బియ్యం నీళ్లు బాగా తాగుతుంది. మర్నాడు మూడు గ్లాసులు పోసి అమ్మ పులిహోర చేసింది. మెతుకు మెతుకుకీ అంటకుండా వచ్చింది.