తవుడు మైనం పొడి: మూడు వానాకాలాలు వాడిన తర్వాత

మిర్యాలగూడలో పుట్టి పెరిగిన నాకు తవుడు అనగానే రెండే గుర్తుకొస్తాయి. ఒకటి సాయంత్రం బర్రెల కుడితిలో అమ్మ కలిపే దోసెడు తవుడు, రెండోది రైస్ మిల్లు నుంచి ఇంటికి వచ్చిన నాన్న చొక్కా మడతల్లో దాగి ఉండే ఆ కమ్మటి దుమ్ము వాసన. అదే తవుడు నూనెను చల్లబరిచి వడగట్టినప్పుడు విడిపోయే మైనం, శుద్ధి చేసి మెత్తని పొడిగా మార్చాక, ముఖానికి వేసుకునే పౌడరులో కలుస్తుందని అప్పట్లో ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ప్యాకెట్ల మీద దీని పేరు ‘ఒరైజా సాటైవా బ్రాన్ సెరా’ అని ఉంటుంది. మూడేళ్లుగా వాడుతున్నాను. పౌడరును గడ్డ కట్టనివ్వకపోవడం అనే ఒక్క గుణం కోసమే దీన్ని కొంటున్నాను కాబట్టి ఇక్కడ రాసేదంతా దాని గురించే.

ఇంట్లో నాకూ, మా చెల్లెకూ సరిపడా పౌడరు నేనే కలిపేదాన్ని. కయోలిన్ అనే తెల్లని మెత్తటి మట్టి, కార్న్ ఫ్లోర్, కొద్దిగా జింక్ ఆక్సైడ్, రంగు కోసం ఐరన్ ఆక్సైడ్, చర్మానికి పట్టి ఉండడానికి పది చుక్కల బాదం నూనె. ఎండాకాలమంతా ఏ ఇబ్బందీ ఉండేది కాదు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలి, నాట్లు పడి, ఊరి చుట్టూ మడులన్నీ నిండాక మాత్రం డబ్బా మూత తీస్తే పౌడరు నూకల్లా పలుకులు కట్టి కనిపించేది. పలుచని నూలు బట్టలో వస్త్రగాళితం పట్టినా వారం తిరగకముందే మళ్లీ అదే స్థితి. వంద గ్రాముల పౌడరుకు రెండు గ్రాముల తవుడు మైనం పొడి కలిపిన మొదటి సంవత్సరం, సెప్టెంబరు ముసురులో కూడా డబ్బా వంచితే పొడి ఇసుకలా జారడం చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మైనానికి నీరు అంటదు. ఆ సన్నని రేణువులు పిండి రేణువుల నడుమ చేరి, గాలిలోని తేమకు అవి ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డుపడతాయి. నేను ఆశించని లాభం మరొకటి దక్కింది. కార్న్ ఫ్లోర్‌ను వేళ్ల మధ్య నలిపితే వచ్చే ఆ కిరకిర పూర్తిగా పోయి, పౌడరు చెంప మీద జారుతూ పరచుకోసాగింది.

ఆ సంతోషంలోనే తెలిసినవాళ్లందరికీ ‘ఇది కలిపితే ఇక గడ్డ కట్టనే కట్టదు’ అని చెప్పాను. ఆ మాట నాకే తిరిగి తగిలింది.

గత వేసవిలో దేవరకొండలో మా చెల్లె కూతురి పెళ్లి. పెళ్లికూతురిని నేనే తయారు చేస్తానని మాట ఇచ్చి, వారం ముందు కొత్త పౌడరు కలిపాను. పాత మైనం పొడి అడుగంటడంతో, ఎప్పుడూ కొనే చోట కాకుండా, తక్కువ ధరకు వస్తున్నదని వేరే అమ్మకందారు దగ్గర అదే పేరుతో ఉన్న ప్యాకెట్ తెప్పించాను. చూపుకు తేడా ఏమీ లేదు, అదే లేత పసుపు, అదే మెత్తదనం. దారిలో హాలియాలో బంధువుల ఇంట భోజనానికి ఆగినప్పుడు స్టీలు డబ్బా ఉన్న సంచి ఎండలో నిలిపిన కారులోనే రెండు గంటలు ఉండిపోయింది. దేవరకొండ చేరాక మూత తీసి వంచితే పొడి రాలలేదు. డబ్బా ఆకారంలోనే ఒక్క ముద్దగా కదిలింది. చెంచాతో చిదిపి, పఫ్‌తో అద్ది చూశాను. కందిగింజంత పలుకులు చర్మం మీద ఈడ్చుకుపోయి తెల్లని చారలు మిగిల్చాయి. ‘పెద్దమ్మా, చెంప మీద గీతలు పడ్డయ్’ అని పిల్ల అద్దంలో చూసుకుని బిక్కమొహం పెట్టింది. ‘గడ్డ కట్టనే కట్టదంటివి గదక్కా’ అని చెల్లె మెల్లగా అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. తడిబట్టతో అంతా తుడిచి, ఎవరి దగ్గరో ఉన్న కొన్న పౌడరుతో పని కానిచ్చాం.

ఇంటికి వచ్చాక నూనె ఎక్కువైందేమోనని మొదట అనుకున్నాను. కాని అంతకు ముందటి మే నెలలో ఇదే డబ్బాలో, ఇదే కారులో, ఇదే కొలతలతో కలిపిన పౌడరును యాదగిరిగుట్టకు తీసుకుపోయి వచ్చినా దానికి ఏమీ కాలేదు. ఇక మిగిలింది మైనం పొడి ఒక్కటే. మూడు చిన్న స్టీలు గిన్నెలు తీసుకుని, ఒకదానిలో డబ్బా అడుగున మిగిలిన పాత పొడి, రెండో దానిలో కొత్త పొడి, మూడో దానిలో తేనెమైనం తురుము వేసి, వేడెక్కుతున్న నీళ్లలో తేలేట్లు పెట్టాను. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది కాబట్టి వంటింటి థర్మామీటరు నిజం చెబుతున్నదో లేదో దానితోనే తెలుస్తుంది. 58 డిగ్రీల దగ్గర కొత్త పొడి అంచులు తడిసినట్లు మెరిశాయి. 64కు వచ్చేసరికి తేనెమైనంతో పాటు అదీ నూనెలా పారింది. పాత పొడి మాత్రం 70 దాటినా పొడిగానే ఉండి, 78 తర్వాత గాని కరగడం మొదలుపెట్టలేదు. అసలైన తవుడు మైనం కరిగేది 75 నుంచి 85 డిగ్రీల మధ్యలోనే. నాకు అంటగట్టింది తవుడు మైనం కాదని, కనీసం పూర్తిగా తవుడు మైనం కాదని నాకు అప్పుడు రూఢి అయింది. మే ఎండలో మూసి ఉంచిన కారులో వేడి 60 డిగ్రీలకు చేరడం మన జిల్లాలో వింత కాదు. ఆ వేడికి మెత్తబడిన చవక మైనం, పలుకులు కట్టనివ్వకుండా ఆపవలసింది పోయి, తానే బంకలా మారి పిండినంతా అతికించింది. అమ్మినవారు ‘ఎండకు పెట్టింది మీరే కదా’ అని, విప్పిన ప్యాకెట్‌కు డబ్బు తిరిగి ఇవ్వలేమని చెప్పారు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తున్నది. ఎండ వేడికి కూడా గడ్డ కట్టనివ్వదనే గదా ఈ మైనాన్ని ఎంచుకున్నది.

మళ్లీ పాత చోటనే కొంటున్నాను. ఇప్పుడు కరిగే ఉష్ణోగ్రత రాసి ఉన్న విశ్లేషణ పత్రం పంపమని ముందే అడుగుతాను, వచ్చిన ప్రతి ప్యాకెట్ నుంచి అర చెంచా వేడినీళ్ల గిన్నెలో పెట్టి చూస్తాను. అసలు సరుకు గురించి కూడా నేను మొదట్లో చెప్పినవాటిలో కొన్ని సవరించుకోవాలి. రెండు శాతానికే ఇంత బాగుంటే అయిదు శాతం ఇంకా బాగుంటుందని ఒకసారి కలిపాను. ముక్కు పక్కన జిడ్డు మెరుపు వచ్చింది, రంగు సమంగా కలవలేదు. గాలిలోని తేమను ఇది ఆపుతుంది గాని, చెమటతో తడిసిన పఫ్‌ను అలాగే డబ్బాలో వేసి మూత పెడితే ఏ మైనమూ కాపాడదు. పలుకులుగా దొరికే మైనం చవక గదా అని మిక్సీలో పొడి చేయబోతే, ఆ వేడికి బ్లేడుకు అంటుకుని పేరుకుపోయింది, గీకి తీయడానికి ఒక పూట పట్టింది. పొడిగానే కొనాలి. కలిపేటప్పుడు ముక్కుకు బట్ట కట్టుకోవాలి, అంత సన్నని దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

నాది పొడి చర్మం. రెండు వందల గ్రాములు కలిపితే నాలుగు నెలల్లో అయిపోతుంది, పైగా ఇదంతా ఇంటి వాడకానికే. తయారు చేసి అమ్మదలచినవారికి కాస్మెటిక్స్ నియమాలు 2020 ప్రకారం లైసెన్సు కావాలి, వారికి నా వంటింటి పరీక్ష చాలదు. జిడ్డు చర్మం ఉన్నవారు ఒక శాతంతో మొదలుపెట్టి చూసుకోవడం మేలు. నా వరకైతే, సరుకు అసలుదైతే, ఇది లేకుండా జులైలో పౌడరు కలపను. మా చెల్లె మాత్రం ఆ పెళ్లి నుంచి కొన్న డబ్బానే వాడుతున్నది, నేను బలవంతపెట్టలేదు.