బస్సు దిగేదాకా బాగున్న సినిమా

‘స్లీపింగ్ విత్ ది ఎనిమీ’ అనే హాలీవుడ్ సినిమాని ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. మొదటిసారి వీడియో క్యాసెట్‌లో చూసినప్పుడు కుర్చీ అంచున కూర్చునే చూశాను. ఆ తర్వాత ఎప్పుడు చూసినా ఒకే చోట ఆసక్తి జారిపోయింది: కథానాయిక లారా (జూలియా రాబర్ట్స్) అయోవా రాష్ట్రంలో బస్సు దిగిన దగ్గర.

అంతకుముందు అరగంటకు వంక పెట్టలేను. కేప్ కాడ్‌లో సముద్రం ఒడ్డున పెద్ద పెద్ద అద్దాల ఇల్లు. బాత్రూమ్‌లో తువ్వాళ్లు కాస్త ఎగుడుదిగుడుగా వేలాడుతున్నాయని భర్త మార్టిన్ ఆమెను పిలిచి చూపిస్తాడు. గొంతు కూడా పెంచడు. ఆమె తడబడుతూ వాటిని సరిచేస్తుంది. వంటింటి అల్మరాలో డబ్బాల లేబుళ్లన్నీ ఒకే వైపు తిరిగి ఉండాలి. కొట్టే సీను కన్నా ఆ సర్దే చేతులే నన్ను ఎక్కువ భయపెట్టాయి. కొట్టాక పూలు తెచ్చి బతిమాలడం కూడా ఉంది. అలాంటి ఇళ్లు తెలిసినవాళ్లకు అదేం కొత్త కాదు.

నీళ్లంటే భయమున్న లారా భర్తకు తెలియకుండా ఈత నేర్చుకుని, ఓ రాత్రి తుఫానులో పడవ మీంచి దూకి, మునిగిపోయినట్టు నమ్మించి పారిపోతుంది. ఇది అతి అనిపించలేదు నాకు. వెంటపడి వేధించడాన్ని నేరంగా చూసే తొలి చట్టం అమెరికాలో వచ్చింది 1990లో, అదీ కాలిఫోర్నియా ఒక్కచోట. మహిళలపై హింసకు సంబంధించిన కేంద్ర చట్టం 1994 దాకా లేదు. సినిమా 1991ది. చచ్చిపోయినట్టు కనిపించడం తప్ప దారి లేదని ఒక ఆడమనిషి అనుకుందంటే నమ్మొచ్చు. ఆ నమ్మకం మీదే కథ నడవాల్సింది.

నడవదు. పెళ్లి ఉంగరం టాయిలెట్‌లో పడేసి, పోయిందో లేదో చూసుకోకుండా వెళ్లిపోతుంది. అదే తర్వాత మార్టిన్ కంటపడుతుంది. కంగారులో జరిగిందిలే అని మొదటిసారి సర్దుకున్నాను. అయోవాలోని సీడర్ ఫాల్స్ ఊరికి చేరాక మాత్రం సర్దుకోలేకపోయాను. పక్కింట్లో డ్రామా మాస్టారు బెన్, టోపీలూ డ్రెస్సులూ మార్చుకుంటూ ఓ పాట, తిరునాళ్లలాంటి సంత. బెన్ దగ్గరికొచ్చినప్పుడు ఆమె ఒక్కసారిగా బెదిరిపోయే క్షణం ఉంది, అది నిజం. దాన్ని అలా తాకి వదిలేశారు. అంత భయం ఒంట్లో పెట్టుకున్న మనిషికి కొత్త ఊళ్లో నిద్రెలా పట్టింది, తలుపు చప్పుడైతే ఏమైంది, ఇవేవీ డైరెక్టర్ జోసెఫ్ రూబెన్‌కు పట్టలేదు.

జూలియా రాబర్ట్స్‌ది తప్పనను. ఆమె హిట్ సినిమా ‘ప్రెటీ వుమన్’ వచ్చిన మరుసటి ఏడాది కదా, ఆమె నవ్వు చూపించాలన్న తొందరే కథను తినేసినట్టుంది. మార్టిన్‌గా వేసిన ప్యాట్రిక్ బెర్గిన్ కూడా మొదట్లో మనిషిలా భయపెట్టి, తర్వాత ఉత్త విలనైపోయాడు. (హిందీలో ఇదే కథతో ‘యారానా’, ‘అగ్నిసాక్షి’, ‘దరార్’ అని 1995, 1996ల్లో వరసగా మూడొచ్చాయి. హిట్ ఫార్ములా అనుకున్నారు కాబోలు!)

రెండో సగంలో నాకు నచ్చినవి రెండే. చూపు లేని లారా తల్లి దగ్గర మార్టిన్ పోలీసునని చెప్పి కూర్చుని, మెత్తగా మాట్లాడి కూపీ లాగడం ఒకటి. లారా కొత్త ఇంట్లో తువ్వాళ్లు సమంగా వేలాడుతూ కనిపించడం రెండోది. మళ్లీ అదే టెన్షన్, కాకపోతే చాలా ఆలస్యంగా.

చివర్లో ఆమె మార్టిన్‌కు తుపాకీ గురిపెట్టి పోలీసులకు ఫోన్ చేస్తుంది. ఇంట్లోకి చొరబడినవాణ్ణి చంపానని ముందే చెప్పి, అప్పుడు కాలుస్తుంది. అక్కడితో ఆపొచ్చు కదా? పడిపోయిన మార్టిన్‌కు మళ్లీ కదలికొస్తుంది, చేతికి తుపాకీ అందుతుంది, నొక్కితే గుళ్లు లేక టిక్కుమంటుంది. మొదటిసారి ఉలిక్కిపడ్డాను. నాలుగోసారి నవ్వొచ్చింది.