ఏఎఫ్ ఉన్నవాళ్ళ మెదడుకి ఏది మేలు: నడకా, యోగానా, సైకిలా?

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (ఏఎఫ్, అంటే గుండె లయ తప్పి ఎగుడుదిగుడుగా కొట్టుకునే జబ్బు) ఉండి మా దగ్గరికి ఫిజియోథెరపీకి వచ్చేవాళ్ళు ఇదివరకు ఒక్కటే అడిగేవారు: "వ్యాయామం చేస్తే గుండెకి ఏమీ కాదు కదా?" ఈమధ్య ప్రశ్న మారింది. "నడక సరిపోతుందా, యోగాలో చేరమంటారా? మా అబ్బాయి సైకిల్ కొనిస్తానంటున్నాడు. మతిమరుపు రాకుండా వీటిలో ఏది మంచిది?" అంటున్నారు. ఏఎఫ్‌కీ, మతిమరుపు ముదిరే డిమెన్షియాకీ లంకె ఉందని పిల్లలు ఎక్కడో చదివి ఇంట్లో చెబుతున్నారు.

ఆ టెన్షన్ ఉత్తుత్తిది కాదు. ఏఎఫ్ ఉంటే పక్షవాతం ముప్పు దాదాపు ఐదు రెట్లని డాక్టర్లు చెప్పే ఉంటారు. పక్షవాతం రాకపోయినా మెదడు మీద దెబ్బ పడవచ్చు. స్విట్జర్లాండ్‌లో 1,700 మందికి పైగా ఏఎఫ్ రోగులకి ఎంఆర్ఐ తీసి 2019లో ఫలితాలు ప్రచురించారు. ఎన్నడూ పక్షవాతం రాలేదన్నవాళ్ళలోనూ కొందరి మెదడులో రక్తం అందక పాడైన మచ్చలు కనిపించాయి. అలాంటి మచ్చలు పెద్దవిగా ఉన్నవాళ్ళకి జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో మార్కులు తగ్గాయి.

పోలికలోకి దిగేముందు ఒక మాట. రక్తం పలచన చేసే మాత్ర రాసి ఉంటే, ఏ వ్యాయామమూ దాని పని చేయదు. స్వీడన్‌లో నాలుగు లక్షలకు పైగా ఏఎఫ్ రోగుల రికార్డులు చూసి 2018లో చెప్పిందేమిటంటే, ఆ మాత్రలు వాడినవాళ్ళలో డిమెన్షియా 29 శాతం తక్కువ. అలాగని జ్ఞాపకశక్తి కోసమే మాత్ర అడిగి రాయించుకోవడమూ తప్పే. పక్షవాతం ముప్పు తక్కువగా ఉన్న ఏఎఫ్ రోగులకి ఆ ఉద్దేశంతోనే రివరాక్సబాన్ అనే అలాంటి మాత్ర ఇచ్చి చూసిన కెనడా ట్రయల్‌లో లాభం కనబడలేదని 2024లో తేలింది.

ఇక వ్యాయామాల సంగతి. నేను మొదట చూసేది కేలరీలు కాదు, గుండె వేగమూ కాదు. మనిషి కింద పడే అవకాశం ఎంత అన్నది. ఏఎఫ్ ఉన్నవాళ్ళలో చాలామంది ఎసిట్రోమ్ మీదో, వార్ఫరిన్ మీదో, ఎపిక్సాబాన్ లాంటి కొత్త మాత్రల మీదో ఉంటారు. గుండెలో గడ్డ కట్టకుండా ఆపేది ఆ మాత్రే. తలకి దెబ్బ తగిలితే లోపల కారే రక్తాన్ని తొందరగా ఆగనివ్వనిదీ అదే. మెదడు కోసమని మొదలుపెట్టిన వ్యాయామం మెదడులో రక్తస్రావంతో ముగిస్తే ఏం లాభం? అందుకే ఆయాసం రావాలి, మనిషి పడకూడదు. ఈ రెండూ కుదిరేదానికే నా ఓటు.

ఆ లెక్కన నడకదే పైచేయి. కాకపోతే మన ఊళ్ళలో నడక అంటే తెల్లవారకముందే లేచి, హవాయి చెప్పులతో, వీధిదీపం లేని రోడ్డు మీద, కుక్కల్ని అదిలిస్తూ పోవడం. పార్కుల్లో అయితే చెట్ల వేళ్ళు పైకెత్తిన టైల్స్. మడమ పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, వెలుతురు వచ్చాకే బయలుదేరండి. పడి తలకి తగిలితే నొప్పి లేదని ఊరుకోకుండా, మాత్ర పేరు చెప్పి ఆరోజే ఆసుపత్రిలో చూపించుకోండి. స్కాన్ అవసరమా కాదా అన్నది వాళ్ళు తేలుస్తారు.

ఎంత వేగంగా నడవాలన్నదే చాలామంది తికమకపడే చోటు. చేతి గడియారం చూసుకుంటారు. ఏఎఫ్‌లో అది 78 అంటుంది, రెండు అడుగులు వేసేలోపు 131 అంటుంది, బెంచీ మీద కూర్చుంటే 94. దెబ్బలు ఎగుడుదిగుడుగా పడుతుంటే, కొన్ని మణికట్టు దాకా అందకపోతే గడియారం మాత్రం ఏం చేస్తుంది? గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర వాడేవాళ్ళకి అంకె ఎటూ పైకి పోదు. నేను చెప్పేది పద్యం పరీక్ష. చిన్నప్పుడు నేర్చుకున్న పద్యం ఏదైనా నడుస్తూ పైకి చదవండి. ఒక పాదం ఒక ఊపిరిలో వచ్చి, రెండో పాదానికి ముందు గాలి పీల్చుకోవాల్సి వస్తే వేగం సరిపోయినట్టు. పద్యం మొత్తం రాగం తీసి పాడగలిగితే మీరు షికారు చేస్తున్నారు. పాదం మధ్యలో తెగితే తగ్గించండి. ఛాతీలో పట్టేసినా, కళ్ళు తిరిగినా అక్కడితో ఆపేసి డాక్టర్‌కి చెప్పండి.

మెదడు వైపు నుంచి నడకకి గట్టి సాక్ష్యం ఒకటి ఉంది. అమెరికాలో 120 మంది పెద్దవాళ్ళని రెండు గుంపులు చేసి, ఒక గుంపు చేత ఏడాదిపాటు నడిపించారు, రెండో గుంపు చేత స్ట్రెచింగ్ చేయించారు. నడిచినవాళ్ళలో జ్ఞాపకాలకి కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగం సుమారు 2 శాతం పెరిగింది, రెండోవాళ్ళలో తగ్గింది. ఇది 2011 నాటి ఫలితం. వాళ్ళు ఏఎఫ్ రోగులు కారు. ఏఎఫ్ రోగుల మీద జరిగిన ట్రయల్స్‌లో ముఖ్యంగా కొలిచింది దడని. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 120 మంది మీద చేసిన ట్రయల్‌లో వారానికి 210 నిమిషాల దాకా వ్యాయామం పెంచుకుంటూ పోయారు. ఏడాది తర్వాత ఏఎఫ్ మళ్ళీ రానివాళ్ళు వ్యాయామం చేసిన గుంపులో 40 శాతం, చేయని గుంపులో 20 శాతం. 2023 అమెరికన్ గైడ్‌లైన్స్‌లోనూ ఆ 210 నిమిషాలే ఉన్నాయి. అంటే రోజుకి అరగంట. మొదటివారంలోనే అంత అక్కర్లేదు, పది నిమిషాలతో మొదలుపెట్టండి.

యోగా అంటే మనవాళ్ళకి మమకారం, నాకూ ఉంది. ఏఎఫ్‌కి యోగా పనికొస్తుందని అమెరికాలోని కాన్సాస్‌లో చూపించిన డాక్టర్ ధనుంజయ లక్కిరెడ్డి. ఇంటిపేరు చూస్తే మనకి వేరే చెప్పాలా? 2013లో వచ్చిన ఆ అధ్యయనంలో 49 మంది మూడు నెలలపాటు వారానికి రెండుసార్లు, గంటసేపు అయ్యంగార్ పద్ధతిలో యోగా చేశారు. దడ వచ్చే సార్లు తగ్గాయి, ఆందోళన, దిగులు కూడా తగ్గాయి. దడ వస్తుందేమోనన్న భయంతోనే గడప దాటనివాళ్ళకి ఇదే తొలి మెట్టు కావాలి. అయితే కూర్చుని చేసే ఆసనాలతో ఆయాసం రాదు, ఊపిరి సత్తువ పెద్దగా పెరగదు. యోగాని నడకకి తోడుగానే చూస్తాను. వృక్షాసనం గోడ పట్టుకుని చేయండి. పడకుండా నిలదొక్కుకునే శక్తి దానితో వస్తుంది, నాకు కావలసింది కూడా అదే. మాత్ర మీద ఉన్నవాళ్ళు శీర్షాసనం జోలికి పోవద్దు. జోరుగా చేసే కపాలభాతి, ఊపిరి బిగబట్టే కుంభకం వద్దంటాను.

సైకిల్ విషయంలో అబ్బాయిలు నొచ్చుకున్నా సరే చెబుతాను: మాత్ర వేసుకునే అరవై దాటిన మనిషికి మన రోడ్ల మీద సైకిల్ వద్దు. ఇంట్లో కదలకుండా తొక్కే సైకిల్ అయితే భేష్. మోకాళ్ళు అరిగినవాళ్ళకి నడక కంటే అదే నయం. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఉదయం ఏడింటికే ఎండ చురుక్కుమంటుంది. నీరు తీసే మాత్ర కూడా వాడుతూ చెమటలు కక్కితే ఒంట్లో నీరు, పొటాషియం తగ్గి దడ ఎక్కువవుతుంది. ఆ ఎండల రోజుల్లో ఫ్యాన్ కింద సైకిలే మేలు.

జోరుగా కాసేపు, నెమ్మదిగా కాసేపు చేసే ఇంటర్వెల్ ట్రైనింగ్‌కీ సాక్ష్యం ఉంది. నార్వేలో 51 మంది చేత నాలుగేసి నిమిషాల చొప్పున నాలుగు జోరు విడతలు, వారానికి మూడుసార్లు, 12 వారాలు చేయిస్తే ఏఎఫ్‌లో గడిచే సమయం తగ్గింది. కానీ అది పర్యవేక్షణలో జరిగింది. పైగా మన దగ్గర చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ కవాటం సన్నబడి ఏఎఫ్ వచ్చినవాళ్ళు ఇంకా ఎంతోమంది ఉన్నారు. గుండె వేగం పెరిగితే వాళ్ళకి రక్తం కింది గదిలోకి దిగే వ్యవధి చాలదు, ఊపిరితిత్తుల్లోకి ఎదురుతన్ని ఆయాసం ముంచుకొస్తుంది. వాళ్ళు డాక్టర్ ఎకో (గుండె స్కాన్) చూసి ఎంతవరకో చెప్పాకే నడకైనా పెంచాలి.

మారథాన్ మోజు ఉన్న నడివయసు మగవాళ్ళకి: స్వీడన్‌లో 90 కిలోమీటర్ల స్కీయింగ్ పందెంలో ఎక్కువసార్లు పాల్గొన్నవాళ్ళలో గుండె లయ తప్పే జబ్బులు ఎక్కువగా కనిపించాయి. ఏఎఫ్ ఉందని తెలిశాక కూడా పతకాల కోసం పరిగెత్తడం నాకు నచ్చదు.

మిగతావి క్లుప్తంగా. ఈత మంచిదే, ఒంటరిగా దిగకండి. షటిల్‌లో వెనక్కి అడుగులేస్తూ పడేవాళ్ళు ఎక్కువ, వద్దు. బరువులు తేలికవైతే పరవాలేదు, ఊపిరి బిగబట్టి ఎత్తకండి. కోలాటం గురించి అడిగే అమ్మలకి: న్యూయార్క్‌లో 75 దాటినవాళ్ళ మీద 2003లో వచ్చిన అధ్యయనంలో, ఒంటి శ్రమ ఉన్న కాలక్షేపాల్లో డాన్స్‌కి ఒక్కదానికే డిమెన్షియా తగ్గడంతో సంబంధం కనిపించింది. అడుగులు, జతలు గుర్తుపెట్టుకోవాలి కదా. ఊళ్ళో బృందం ఉంటే చేరండి. గుడి ఉత్సవానికి ముందు రాత్రిళ్ళు రెండేసి గంటలు ఆపకుండా సాగే ప్రాక్టీసుకి మాత్రం మధ్యలో కూర్చునే వీలు అడిగి మరీ వెళ్ళండి.