లావు దారపు గీతకు రెండో బాబిన్ కేసు: రెండేళ్ళ వాడకం తర్వాత

గోడకు వేలాడదీసే ఆర్ట్ క్విల్టు (మధ్యలో దూది పొర పెట్టి కుట్టే గుడ్డ బొమ్మ) మీద గీత ఉబ్బెత్తుగా, చేత్తో గీసినట్టు కనబడాలంటే లావు దారం కావాలి. ఎనిమిదో నంబరు పెర్ల్ కాటన్ అనే మెలితిప్పిన ఎంబ్రాయిడరీ దారం మిషన్ సూది కన్నంలో ఒరుసుకుని పీచు లేచి తెగుతుంది. అదే దారాన్ని బాబిన్‌కు చుట్టి, క్విల్టును బోర్లా వేసి వెనక నుంచి కుడితే ముందువైపు తాడులా పరుచుకుంటుంది. ఈ ఒక్క పనికే విడిగా పెట్టుకున్న ఇనప బాబిన్ కేసు (బాబిన్ కూర్చునే చిన్న డిప్ప) అంటే నాకు ఇప్పటికీ మోజే.

అసలు కేసును మాత్రం ముట్టుకోవద్దు. రెండోదాని మీద గోళ్ళ రంగు చుక్క పెడితే పొరపాటు పడరు. లావు దారం జారేలా ఈ రెండో కేసు స్క్రూను ఎడమకు పావు చుట్టు చొప్పున వదులు చేయాలి, అదీ పళ్ళెంలో పెట్టుకుని. ఆ స్క్రూ నువ్వుగింజంత. కింద పడితే ఇక దొరికినట్టే! దారం లాగితే సన్నటి పట్టు తగలాలి. పట్టు బొత్తిగా లేకపోతే ముందువైపు ఉచ్చులు లేస్తాయి.

పైన అదే రంగు సన్న పాలిస్టర్ దారం, 14వ నంబరు సూది. పై దారం బిగువు (టెన్షన్) ఎక్కువైతే లావు దారం గుంటలు పడి వెనక్కి లాక్కుపోతుంది. కుట్టు పొడవు మూడు, నాలుగు మిల్లీమీటర్లుంటే గీత నున్నగా వస్తుంది. రెండు కంటే తగ్గిందా, పూసల దండే. మొదట్లో రివర్సు కుట్టు వేస్తే ముద్ద కడుతుంది. కొసలు వదిలేసి, తర్వాత పెద్ద కన్నం సూదితో దూది పొరలోకి దూర్చాలి.

నున్నగా అన్నది పెద్ద వంపులకే. కోసుగా తిరిగే చోట సూదిని గుడ్డలో దించి, ఆగి తిప్పకపోతే దారం మూల వదిలి అడ్డదారి పడుతుంది. బొమ్మను వెనక గుడ్డ మీద తిరగేసి గీయాలి, కాబట్టి అక్షరాల జోలికి నేను పోను. లావు దారం బాబిన్‌కు కొంచెమే పడుతుంది. కుట్టేది కనబడదు గనక అది అయిపోయిన సంగతి తిప్పి చూసేదాకా తెలియదు. గీత పొడవు ముందే దారంతో కొలుచుకుంటే కొంత నయం.

నాది పక్కనుంచి బాబిన్ పెట్టే పాత తొక్కుడు మిషన్. కేసు ఏ కుట్టు సామాన్ల కొట్లోనైనా చవగ్గా దొరుకుతుంది. పైనుంచి బాబిన్ వేసే ప్లాస్టిక్ కేసు మిషన్ ఉన్నవాళ్ళు విడి కేసు ధర కనుక్కున్నాకే దిగండి.