ఇంటి వైన్‌కి కార్క్ బిగించడం: చేతి కార్కరా, స్టాండ్ కార్కరా?

మామూలు వైన్ సీసా మూతి లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. అందులోకి దించాల్సిన 9వ నంబర్ కార్క్ వ్యాసమేమో 24. దాన్ని అంతగా నొక్కి లోపలికి పంపడమే అసలు పని. కార్క్ బిగించే ఈ రెండు పరికరాల (కార్కర్ల) తేడా తేలేది అక్కడే.

రెండు పిడుల చేతి కార్కర్ చవక, సొరుగులో పడేయొచ్చు. కానీ కార్క్‌ని సన్నటి గొట్టంలోంచి బలవంతంగా తోస్తుంది, సీసా కదలకుండా ఇంకొకరు పట్టుకుంటే తప్ప ధైర్యం చాలదు. 9వ నంబర్ దానికి మొండికేస్తుంది. 22 మిల్లీమీటర్ల 8వ నంబర్ తేలిగ్గా దిగుతుంది గానీ బిగువు తక్కువ. త్వరగా తాగేసే వైన్‌కి చాలు.

స్టాండ్ కార్కర్ తీరే వేరు. దాని దవడలు ముందు కార్క్‌ని చుట్టూరా సమంగా నొక్కుతాయి, ఆ తర్వాతే కడ్డీ కిందికి దింపుతుంది. అందుకే కార్క్ అంచులు చిట్లవు, ముడత పడవు. అడుగునున్న స్ప్రింగ్ పీట సీసాను పట్టి ఉంచుతుంది కాబట్టి ఒక్కరే చకచకా కానిచ్చేయొచ్చు. బరువు, చోటు, ఖర్చు ఎక్కువే. అయినా ఏళ్ల తరబడి దాచే వైన్‌కి నేను దీన్నే ఎంచుకుంటాను, కొనలేకపోతే అరువు తెచ్చుకునైనా సరే.

ఏది వాడినా, పులియడం పూర్తయ్యాకే బిగించండి. లేదంటే గ్యాస్ కార్క్‌ని పైకి తన్నేస్తుంది. బిగించాక రెండు మూడు రోజులు సీసాలు నిలబెట్టే ఉంచి, ఆపైన పడుకోబెట్టండి.