ఢిల్లీ రైల్లో ఇద్దరికి ఏ బెర్తులు నయం?

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానంలో రెండు గంటల పైచిలుకు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఒక పగలు, ఒక రాత్రి. ఇద్దరం తీరిగ్గా కూర్చుని చాలా కాలమైందని మావారు, నేను రైలుకే మొగ్గాం.

ఫస్ట్ ఏసీలో ఇద్దరికే సరిపోయే కూపే ఉంటుంది, లోపల గడియ పెట్టుకోవచ్చు. జంటల కన్నంతా దాని మీదే. కానీ కూపే వచ్చిందో, నలుగురి కేబిన్ వచ్చిందో ఎవరికి ఏ బెర్తో తేల్చే చార్ట్ తయారయ్యేదాకా తెలియదు. అంత డబ్బు పోసి ఆ టెన్షన్ ఎందుకని సెకండ్ ఏసీలో సైడ్ లోయర్, సైడ్ అప్పర్ పెట్టాం. పగలు కింది బెర్తు మడిస్తే కిటికీ పక్కన ఎదురెదురుగా రెండు సీట్లు. రాత్రి కర్టెన్ లాగేస్తే మన గొడవ మనదే. నా ఓటు దీనికే. మావారి ఓటు కాదు. సైడ్ బెర్తు పొడవు తక్కువ, ఆయన ఆరడుగుల మనిషి. కాళ్లు ముడుచుకుని పడుకున్న సంగతి ఢిల్లీ చేరేదాకా చెబుతూనే ఉన్నారు. పొడుగువాళ్లు మామూలు లోయర్, అప్పర్ తీసుకోండి. టికెట్ ఆర్ఏసీ అయితే, అంటే బెర్తు పూర్తిగా ఖాయం కాకపోతే, ఒకే సైడ్ లోయర్‌లో ఇద్దరూ రాత్రంతా సర్దుకోవాలి. మొగుడూ పెళ్లాలే కదా అనుకుని ఎక్కేయకండి, నడుములు పడిపోతాయి.

రామగుండం దాటగానే గోదావరి. ఏసీ కిటికీ తెరుచుకోదు కాబట్టి నాణెం వేసే వీల్లేదు, దణ్ణంతో సరి. మధ్యాహ్నానికి ఇంటి పులిహోర, పెరుగన్నం. రాత్రికి ఐఆర్‌సీటీసీ ఈ-కేటరింగ్‌లో టికెట్ మీది పీఎన్ఆర్ నంబరు కొట్టి భోపాల్‌లో చపాతీలు చెప్పాం, సీటు దగ్గరికే తెచ్చిచ్చారు. రైలు ఆలస్యమైతే తిండీ ఆలస్యమే, చేతిలో ఏదో ఒకటి ఉంచుకోండి.

న్యూఢిల్లీ స్టేషన్‌లో పహాడ్‌గంజ్ వైపు దిగితే చవక హోటళ్లు నడిచే దూరంలోనే, హారన్ల మోత కూడా అంతే దగ్గర. మేం అజ్మేరీ గేట్ వైపు వచ్చి మెట్రో ఎక్కాం. రాజీవ్ చౌక్‌లో మారితే కరోల్‌బాగ్, అక్కడ బస కాస్త ప్రశాంతం. భోజనానికి అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్లండి. కందిపొడి, నెయ్యి, పప్పు అన్నీ మన రుచే. ఆదివారం బిర్యానీకైతే క్యూలో నిలబడే ఓపికతో వెళ్లాలి.